బనగానపల్లె బంగళా

పాడుపడిన కోటలను, ప్రభువులు విడిచిపోయిన మేడలను చూడబోవుట మనలో అనేకులకు వేడుక. చూచి వచ్చినవారు గోడల యెత్తును, కమానుల యందమును వర్ణింతురు. ఆ గోడలు ఎవరి కష్టముతో లేచినవో, వాని లోపల ఎవరికి చోటుండెనో, ఎవరికి లేకుండెనో విచారించువారు తక్కువ. నేనును విచారింపని వారిలో ఒకడనే. నిరుటి మాఘమాసమున నా చెల్లెలితో కలిసి బనగానపల్లె నవాబుల బంగళాను చూచి వచ్చిన పిమ్మట నా చూపు కొంత మారినది. అందులకు బంగళా సగము కారణము. నా చేతిసంచిలో నుండిన యొక కాగితము తక్కిన సగము. ముందుగా ఆ కాగితము సంగతి చెప్పుకొనవలెను.

మా స్వగ్రామము ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల దూరములో నున్నది. తూర్పున నల్లమల కొండలు గోడవలె నిలిచియుండును. పడమర కుందేటి దాక నల్లరేగడి పొలములు. ఆ గ్రామమున మా తాతగారు కట్టించిన మిద్దె కలదు. రాతిగోడలు, టేకు దూలములు, దూలములపై పరచిన కొయ్యలు, వానిపై చవుడు. నడిమింటికి వెలుతురు పైకప్పులోని గవాచి నుండియే దిగును. అట్టి మిద్దెకు ప్రతి వేసవిలోను, వానలకు ముందు, క్రొత్త చవుడు పోసి త్రొక్కవలెను. లేనిచో ఇల్లంతయు కురియును. నేను నంద్యాలలో చదువుకొని, నంద్యాలలోనే ముప్పదియేండ్లు పిల్లలకు చరిత్రపాఠములు చెప్పి, విశ్రాంతి పొందినవాడను. నాకు మిద్దె యన్న చల్లదనము జ్ఞాపకము వచ్చును గాని చవుటిగంపల బరువు జ్ఞాపకము రాదు.

నాలుగేండ్ల క్రిందట మా తండ్రిగారు గతించిరి. మిద్దెయు, ఆరెకరముల చేనును మిగిలినవి. మా అబ్బాయి వానిని నా పేర వ్రాయించుకొమ్మని తొందరపెట్టెను. దస్తావేజు లేఖరి మా కాగితములు చూచి, "చెల్లెలుగారిచేత హక్కు విడుదల పత్రము వ్రాయించుకొనుడు, అందరును అట్లే చేయుచున్నారు," అని సెలవిచ్చెను. అందరును చేయుచున్నారన్న మాటలో ఎంత ధైర్యమున్నదో పాపము చేయబూనిన వానికే తెలియును. పత్రము సిద్ధమయ్యెను. ఆమె సంతకము మాత్రమే కొఱత.

నా చెల్లెలు కోయిలకుంట్లలో నుండును. భర్త పోయి పదేండ్లయినది. కుట్టుమిషను త్రొక్కి ఇద్దరు పిల్లలను పెంచినది. పెద్దపిల్లకు పెండ్లియైనది, చిన్నపిల్ల ఇంటర్మీడియెటు ముగించి, నర్సు చదువు చదువవలెనని కోరుచుండెను. యాగంటి ఉమామహేశ్వరునికి మ్రొక్కుబడి యున్నదని చెల్లెలు చెప్పగా, "నేను వెంట వచ్చెదను, దారిలో నవాబుల బంగళాను కూడ చూపెదను," అంటిని. ఆ వేడుక ముగిసిన పిమ్మట, మనసు తేలికయైన వేళ, సంతకము పెట్టించుకొనవచ్చునని నా యాలోచన. పాఠకులు నన్ను మన్నింపనక్కరలేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయుచున్నాను.

ఆళ్లగడ్డలో బస్సెక్కి, కోయిలకుంట్లలో తల్లీబిడ్డలను కూడదీసికొని, బనగానపల్లెకు సాగితిమి. త్రోవ కిరుప్రక్కల శనగచేలు పండి కోతకు వచ్చియుండెను. ఊరు సమీపించుకొలది పొలములు తగ్గి రాళ్లు హెచ్చినవి. కోసి, నునుపు చేసి, నిలువుగా పేర్చిన నాపరాళ్లు దారి పొడుగున కనబడెను. మన సీమలో నేలకు పరచిన నాపరాయి లేని యిల్లు అరుదు. ఆ రాయి బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములనుండి వచ్చునదే. కోతయంత్రముల యొద్ద పనివారు తలనుండి కాలివేళ్ల దాక తెల్లని దుమ్ముతో నుండిరి. వారిలో స్త్రీలు సగమునకు తక్కువ లేరు.

బనగానపల్లె పేరు వినగానే మన నోట నీరూరును. ఆ పేరిటి మామిడిపండును ఎరుగని తెలుగువాడు లేడు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే మామిడికంటె ముందు ఈ యూరి పేరును దేశాంతరములకు మోసినది వజ్రము. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు ప్రాంతముల శిలలను వర్ణించుచు ప్రకటించిన గ్రంథములో ఇచ్చటి వజ్రపు గుంటలను గూర్చి వ్రాసెను. శాస్త్రజ్ఞులు నేటికిని ఇచ్చటి శిలల పొరను బనగానపల్లె పేరుతోనే వ్యవహరింతురు. ఆ వజ్రములు అక్కడ పుట్టినవి కావు. ఎక్కడనో పుట్టి, ప్రాచీనకాలపు నీటి ప్రవాహములలో గులకరాళ్లతో గూడ దొర్లి వచ్చి, ఆ పొరలో చిక్కుకొనినవి. మనుష్యులు 15 అడుగులకు లోపైన గుంటలు త్రవ్వి, అడుగున వంగి దూరవలసిన యిరుకు సొరంగములు తొలిచి, ఆ గట్టిపొరను పెల్లగించి పైకి తెచ్చెడివారు. పిమ్మట దానిని పొడిచేసి, కడిగి, నేలపై పరచి, రవ్వ మెరయునేమో యని చేతులతో వెదకెడివారు.

ఊరి సమీపముననున్న కొండకు రవ్వలకొండ యని పేరు. ఆ కొండగుహలోనే పోతులూరి వీరబ్రహ్మముగారు పశువులను కాయుచు కాలజ్ఞానము వ్రాసిరని జనుల నమ్మిక. ఆయనకు ఆశ్రయమిచ్చిన యిల్లాలు గరిమిరెడ్డి అచ్చమ్మ. "ఒక ఆడమనిషి ఇంట్లో జీతానికుండినాడంట స్వామి!" అని నా చెల్లెలు కొండవైపు తిరిగి చేతులు జోడించెను. ఆ మాటలో నున్న సంతోషమును నేనప్పుడు భక్తి యనుకొంటిని.

యాగంటిలో స్నానము, దర్శనము ముగిసినవి. కొండలోనుండి వచ్చి కోనేటిలో నిండు నీరు, పెరుగుచున్నదని జనులు చెప్పుకొను బసవన్న, కాకులు రాని యాకాశము, అన్నిటిని మేనకోడలు తన ఫోనులో చిత్రములు తీసికొనెను. తిరుగుదారిలో, బయలులో ఒంటరిగా నిలిచియున్న బంగళా యొద్ద ఆటో నాపించితిమి.

ఈ బంగళా నవాబులు వేసవి విడిదిగా వాడుకొనినదని చెప్పుదురు. వరుసగా కమానులు, విశాలమైన మెట్లు, చుట్టును రాతినేల. 2009లో వెలువడిన 'అరుంధతి' యను చలనచిత్రమును ఇచ్చట చిత్రించిన పిమ్మట జనులు దీనిని అరుంధతి బంగళా యనుటకు అలవాటు పడిరి. ఆ దినమున తలుపులు మూసియుండెను. లోపలికి పోవు వీలు లేక, బయటనే చుట్టు తిరిగి, నీడపట్టున కూర్చుంటిమి. అచ్చటికి వచ్చిన పదిమందిలో ప్రతివారును లేని యరుంధతినిగూర్చి మాటలాడుచుండిరి. నిజముగా ఈ గదులలో నుండి, ఘోషాలో దినములు గడపిన బేగముల పేళ్లు చెప్పగలవారు మాకు ఒక్కరును తటస్థపడలేదు. కథలోని స్త్రీకి కోట దక్కినది. కోటలోని స్త్రీకి పేరైనను దక్కలేదు.

మేనకోడలు కోరగా, నేను పాత యలవాటు చొప్పున పాఠము మొదలిడితిని. 1800లో నిజాము కడప, కర్నూలు, బళ్లారి, అనంతపురము సీమలను ఆంగ్లేయులకు దత్తము చేసెను. 1928లో మా నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా, ఆ దత్తమండలములకే రాయలసీమ యను పేరు వచ్చినది. ఈ సీమ నడుమ 300 చదరపు మైళ్లకు లోపైన బనగానపల్లె మాత్రము చిన్న సంస్థానముగా నిలిచినది. పాలన చెడినదని 1832 మొదలు 1848 వరకు ఆంగ్లేయులు దానిని తమ చేతిలోనికి తీసికొనిరి. 1905లో మరల కొన్ని నెలలు. నవాబు బిరుదము వంశపారంపర్యముగా లభించినది 1876లో. అంతకుముందు వారు జాగీరుదారులు. 1948లో సంస్థానము భారతదేశములో చేరి కర్నూలు జిల్లాలో కలిసినది. సంస్థానాధీశుల రాజభరణములు 1971లో రద్దయినవి. 2022 ఏప్రిలు 4న నంద్యాల జిల్లా యేర్పడగా, బనగానపల్లె, ఆళ్లగడ్డ, మా యూరు అన్నియు ఒకే జిల్లాలోనికి వచ్చినవి.

"ఇంత కట్టడానికి దుడ్లు వజ్రాలతోనే వచ్చినాయా, మామా?" అని పిల్ల యడిగెను.

"వజ్రములతో మాత్రమే యని చెప్పలేము, శిస్తులే ముఖ్యము. అయితే వజ్రముల న్యాయము మన దేశములో ఎట్లుండెడిదో చెప్పెదను, వినుము," అని నేను విజయనగరకాలమునకు పోతిని. 16వ శతాబ్దిలో విజయనగరములో నుండిన నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుని వ్రాత ప్రకారము, అచ్యుతరాయల కాలమున వజ్రపు గనులను ఒక నాయకుడు గుత్తకు పుచ్చుకొనెను. 20 మంజాడీల తూకమునకు మించిన రాయి దొరికిన అది రాజునకు చెందవలెను. తక్కినవి గుత్తదారునివి.

"మరి త్రవ్వినవాండ్లకు?"

"కూలి," అంటిని. 17వ శతాబ్దిలో మన గనులను చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వ్రాసినది చెప్పితిని. ఒక గనిలో ఆరితేరిన పనివానికి సంవత్సరమునకు మూడు వరహాలు. కృష్ణయొడ్డున కొల్లూరులో 60,000 మంది పని చేయుచుండిరట. పురుషులు త్రవ్వగా, స్త్రీలును పిల్లలును మన్ను మోసెడివారు. ఏబదిమంది కూలీలపై 12 మొదలు 15 మంది కావలివారు. ఆకలిచేత ఒకడు ఒక రాతిని కనుకొలకులో దాచుకొని పట్టుబడెను. కన్నులో రాయి పెట్టుకొనునంతటి పేదరికము, దానిని కనిపెట్టునంతటి కాపలా, రెండును ఒక్క గనిలోనే.

నా పాఠము నాకే బాగుగ నున్నట్లు తోచెను. అప్పుడు నా చెల్లెలు, కాళ్లు చాచుకొని కూర్చున్నది, మెల్లగా నవ్వెను.

"మన్ను మోసేది ఆడోళ్లేనంటివా అన్నా? మన మిద్దె మీదికి చవుడు మోసింది కూడా నేనూ అమ్మే గదా. నాకు ఎనిమిదేండ్లప్పటినుంచి పెండ్లయ్యేదాకా ప్రతి ఎండాకాలమూ మోసినా. నువ్వు నంద్యాలలో చదువుకుంటా ఉండినావు. నెత్తిమీద వెంట్రుకలు ఊడిపోయినాయని అమ్మ ఏడ్చేది." కొంచెముసేపు ఊరకుండి, మరల నవ్వి, "పెద్దరాయి రాజుకు, చిన్నరాయి గుత్తకు పట్టినోనికి, మోసినోళ్లకు కూలి. నాకూ కూలి ముట్టుతానే ఉంది లే. సంక్రాంతి సంక్రాంతికి చీర పెడతానే ఉండావు," అనెను.

ఆ నవ్వులో ద్వేషము లేదు. ఉండిన నేను కోపము తెచ్చుకొని తప్పించుకొనియుందును. నేను మాటలాడలేదు. పిల్ల తల్లి తలవైపు చూచుచుండెను. ఈ సంగతి ఆమెకును తెలియదని అప్పుడు గ్రహించితిని.

పిమ్మట చెల్లెలు చీరకొంగుతో చేతులు తుడుచుకొని, "కాగితం తెచ్చినావు గదన్నా? ఇట్లియ్యి, ఈడనే పెడతా. మళ్లా బస్సుకు పొద్దుపోతుంది," అనెను.

ఆమెకు మొదటినుండియు తెలియును! మ్రొక్కుబడికి నేను వెంటవచ్చుటలోని భక్తి యెంతయో, బంగళా చూపుటలోని ప్రీతి యెంతయో, కోయిలకుంట్లలో బస్సెక్కునప్పటికే ఆమె యెరుగును. ఎరిగియు నాకు దారిలో అలసంద వడలు పొట్లము కట్టి తెచ్చి తినిపించినది. "తేలేదమ్మా," అంటిని. చేతిసంచి నా ఒడిలోనే యున్నది. ఆ దినమున నేను చేసిన తప్పులలో ఆ యబద్ధ మొక్కటే మంచిదని ఇప్పటికిని అనుకొందును.

ఇంటికి వచ్చి రెండు దినములు ఎవరితోను పలుకలేదు. మూడవనాడు నా భార్య కారణమడుగగా చెప్పితిని. ఆమె బియ్యములో రాళ్లేరుచు, తల యెత్తకయే, "మా అన్నలు నాచేత ఇట్లాంటి కాగితమే వ్రాయించుకొన్ననాడు మీరు వాండ్ల యింటి గడప ఎన్నేండ్లు త్రొక్కలేదో జ్ఞాపకమున్నదా?" అనెను. జ్ఞాపకమున్నది. ఆరేండ్లు. ఆ యారేండ్లు నేను స్త్రీల యాస్తిహక్కును గూర్చి పాఠశాలలో ఎంత గట్టిగా మాటలాడితినో కూడ జ్ఞాపకమున్నది.

చట్టము మన చేతిలో లేక కాదు. 1956లో హిందూ వారసత్వచట్టము వచ్చినది. మన రాష్ట్రము 1986లో చేసిన సవరణచేత, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లి కాని కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో కుమారులతో సమానమైన భాగము లభించెను. 2005లో ఆ హక్కు దేశమంతటికిని, పెండ్లియైన కుమార్తెలకును విస్తరించినది. ఆ హక్కు పుట్టుకతోనే వచ్చునని 2020లో సుప్రీముకోర్టు నిశ్చయించినది. అయినను ఏమి? చట్టము ముందుద్వారమున హక్కును తెచ్చి యిచ్చును. మనము దొడ్డిద్వారమున హక్కు విడుదల పత్రముతో దానిని తీసికొందుము. అదియును రిజిస్ట్రారు ముద్రతోనే. "ఆడపిల్ల అనగా ఆడిపిల్ల, ఈడపిల్ల కాదు" అను సామెతను చమత్కారముగా చెప్పుకొందుము. ఈడ చవుడు మోయించుకొన్నప్పుడు మాత్రము ఆ సామెత జ్ఞప్తికి రాదు.

నేను మరల కోయిలకుంట్లకు పోయి, భాగపరిష్కారము చేసికొందమని చెల్లెలితో చెప్పితిని. ఆమె సంతసించునని తలచితిని. ఆమె భయపడెను. "వద్దన్నా. భాగం తీసుకుంటే పుట్టింటి దారి మూసుకుపోతుంది. చీర పోతే పోనీ. వచ్చినప్పుడు వాకిట్లో ఎవరూ పలకరించకపోతే నేనెట్లా బతికేది?" అని కన్నీరు పెట్టుకొనెను. మన యింటి ఆడుబిడ్డలు సంతకములు చేయుట ఉదారత యని మనము పొగడుదుము. అది పెక్కుచోట్ల ఉదారత కాదు, భయము. పుట్టినింటి పలుకరింపునకు మనము కట్టిన వెల మిద్దెలో సగము, చేనులో సగము. ఏ గుత్తదారును ఇంతకంటె కఠినమైన బేరము చేసియుండడు.

ఒప్పించుటకు రెండు నెలలు పట్టెను. మూడెకరములు ఆమె పేర వ్రాయబడినవి. మిద్దె యిద్దరిదిగా నిలిచినది. మా అబ్బాయి అలిగి, ఉగాదికి రాలేదు. ఇప్పటికిని నాతో ముక్తసరిగానే మాటలాడును. బంధువులలో కొందరు నన్ను మెచ్చలేదు. తమ చెల్లెండ్రకు ఈ వార్త చేరకుండునట్లు జాగ్రత్తపడిరి. కాబట్టి మంచిపని చేసిన వెంటనే ఇల్లు స్వర్గమగునని నేను పాఠకులను నమ్మింపజాలను. చెల్లెలు తన చేను కౌలుకిచ్చెను. ఆ సొమ్ము ఆధారముగా పిల్ల నర్సు చదువులో చేరినది. ఈ సంక్రాంతికి చీర కూడ పెట్టితిని. ఆమె దానిని ఎప్పటికంటె ఎక్కువసేపు తడివి చూచెను.

తొలకరి కురిసిన వెంటనే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలలో జనులు నేటికిని వజ్రములకై వెదకుచుందురు. పనులు మాని, పిల్లలను చంకనెత్తుకొని, ఎక్కడెక్కడినుండియో వత్తురు. వేలమందిలో ఒక్కనికి దొరకును. వారిని చూచి మనము జాలిపడుదుము, నవ్వుదుము. మన యిండ్లలో మాత్రము, మన్ను మోసి మోసి ఇంటిని నిలిపినవారికి న్యాయముగా రావలసినది, వెదకనక్కర లేకయే, మన బీరువాలలో మూటగట్టియున్నది.

ఈ వేసవిలో మిద్దెకు చవుడు పోయించితిమి. కూలివాండ్రు వచ్చిరి. నేనును పట్టుదలతో ఒక గంప తలకెత్తుకొని మెట్లెక్కితిని. ఆరవమెట్టు దగ్గరనే మెడ వంగిపోయి, కన్నులు చీకట్లు క్రమ్మెను. క్రిందనుండి నా చెల్లెలు, "దించన్నా, దించు! నీకలవాటు లేదు," అని కేకవేసెను.

నిజమే. నాకలవాటు లేదు. ఆ గంపను అక్కడనే దించి, మెట్టుపై కూర్చుండి, ఆమె యెనిమిదేండ్ల తలను ఊహించుకొనుటకు ప్రయత్నించితిని.